చారలు గీసిన జాగా ఖాళీ జాగా కాదు

అమెరికాకు వచ్చి, లైసెన్సు తీసుకుని, మొదటి కారు కొనుక్కున్న మన పిల్లలు నన్ను తరచూ అడిగే సందేహం ఒకటుంది. దుకాణం గుమ్మానికి ఎదురుగా, నీలిరంగులో చక్రాల కుర్చీ బొమ్మ వేసి ఉన్న స్థలాలు ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటాయి కదా, ఇంకెక్కడా చోటు దొరకనప్పుడు రెండు నిమిషాలు అక్కడ ఆపితే ఏమవుతుంది అని.

జరిమానా సంగతి ముందు చెప్పేస్తాను. టెక్సాస్‌లో మొదటిసారి పట్టుబడితేనే 500 నుంచి 750 డాలర్ల దాకా పడుతుంది. కాలిఫోర్నియాలో 250తో మొదలై, మళ్ళీ మళ్ళీ చేస్తే వెయ్యి వరకూ పోతుంది. ఇంజను ఆపలేదనో, డ్రైవరు సీట్లోనే కూర్చున్నాననో చెప్పుకొని లాభం లేదు, ఎందుకంటే ఈ రెండు రాష్ట్రాల చట్టాలూ బండిని పార్క్ చేయడాన్నే కాదు, ఊరికే నిలిపి ఉంచడాన్ని కూడా తప్పుగానే చూస్తాయి. అయితే డబ్బు పోతుందన్న భయంతో మాత్రమే మానుకునేవారు పోలీసు కనిపించని చోట మళ్ళీ ఆపుతారు. కనుక అసలు విషయం వేరే చెప్పాలి.

నాతో పనిచేసిన ఒక పెద్దాయన నడుము కింది భాగం చచ్చుబడి, చక్రాల కుర్చీలో ఉండేవారు. వ్యాను ఆయనే నడుపుకునేవారు. ఒక చలికాలం సాయంత్రం నేను ఆఫీసు నుంచి బయటికి వచ్చేసరికి ఆయన తన వ్యాను పక్కన, గాలిలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వ్యాను తలుపుకూ పక్కనున్న స్థలానికీ మధ్య, నేల మీద ఏటవాలు చారలు గీసిన జాగాలో ఎవరో కారు పెట్టి వెళ్ళారు. వ్యాను లోపలి నుంచి ర్యాంపు బయటికి జారి నేలను ఆనాలి, దాని చివర కుర్చీ తిప్పుకోవడానికి చోటుండాలి, అప్పుడు గానీ ఆయన లోపలికి వెళ్ళలేరు. ర్యాంపు సగం తెరుచుకుని, ఆ కారు తలుపుకు బెత్తెడు దూరంలో ఆగిపోయి ఉంది. నలభై నిమిషాలుగా అలాగే ఉన్నానని ఆయన చెప్పారు, కోపంగా కాదు, అలవాటైన మాట చెప్పినట్టు. తీరా ఆ కారు యజమాని మనవాడే. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. "అది హ్యాండీక్యాప్డ్ పార్కింగ్ కాదు కదండీ, బొమ్మ లేదు, ఉత్త చారలే కదా అనుకున్నాను" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అతనికి నిజంగానే తెలియదు. ఆ రోజు అతని ముఖం చూసిన తరువాతే, ఇక్కడికి వచ్చే ప్రతివారికీ ఈ మాట మొదటి వారంలోనే చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆ చారల జాగా మిగిలిపోయిన నేల కాదు, కొలిచి వదిలిన దారి. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, దాని కింద రూపొందిన ప్రమాణాలు ఈ కొలతలను అంగుళాలతో సహా నిర్దేశించాయి. మామూలు కారుకైతే స్థలం వెడల్పు కనీసం ఎనిమిది అడుగులు, పక్కన చారల దారి కనీసం అయిదు అడుగులు. ర్యాంపు దిగే వ్యాన్ల కోసం ఇంకా ఎక్కువ వదలాలి. కుర్చీ దానంతట అదే దొర్లిపోకుండా అక్కడి నేల దాదాపు సమతలంగా ఉండాలి, గుమ్మానికి అతి దగ్గరి దారి మీద ఉండాలి. పాతిక కార్లు పట్టే చోట ఇటువంటి స్థలం తప్పనిసరి చేసింది ఒక్కటే. అందుకే అది ఖాళీగా కనిపించడం వృథా కాదు. ఆ ఒక్కదాని అవసరం ఉన్న మనిషి వచ్చే వేళకు అది ఖాళీగా ఉండటమే దాని ఉపయోగం. మనకు చోటు దొరకకపోతే పది వరుసల అవతల ఆపి నడిచి వస్తాం. ఆయన ఇంటికి తిరిగి వెళ్ళిపోవలసి వస్తుంది. చారల మీద మాత్రం ప్లకార్డు, అంటే ఈ స్థలాల్లో ఆపేందుకు ఇచ్చే అనుమతి కార్డు, ఉన్నవారు కూడా బండి పెట్టకూడదని గుర్తుంచుకోండి.

ప్లకార్డు మాట వచ్చింది కాబట్టి, మన ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు గురించి కొంచెం కటువుగానే చెబుతాను. మోకాళ్ళ నొప్పులతోనో గుండె జబ్బుతోనో ఉన్న అమ్మానాన్నల పేరున, డాక్టరు ధ్రువీకరణతో తీసుకున్న ప్లకార్డు కారు అద్దానికి వేలాడుతూ ఉంటుంది. వారు ఇంట్లో నిద్రపోతుంటే కొడుకో కోడలో ఆ కారులో బజారుకు వెళ్ళి గుమ్మం ముందు ఆపుతారు. ప్లకార్డు కారుది కాదు, మనిషిది. ఆ మనిషి బండిలో ఎక్కివస్తున్నప్పుడో, దిగబోతున్నప్పుడో తప్ప దాన్ని వాడటం నేరమే. కాలిఫోర్నియాలో డీఎంవీ (వాహనాల శాఖ) అధికారులు షాపింగ్ సెంటర్ల దగ్గర ఆగి, ఈ ప్లకార్డు ఎవరిదని అడిగి తనిఖీ చేస్తుంటారు. ఎర్రరంగువి తాత్కాలికమైనవి, ఆరు నెలలకు మించి చెల్లవు, కాలం తీరాక తీసేయాలి. పెద్దవారు కాలం చేసినప్పుడు ఆ ప్లకార్డును డీఎంవీకి తిరిగి ఇవ్వాలన్నది దుఃఖంలో ఎవరికీ గుర్తు రాదు. పక్కవారైనా మెల్లగా గుర్తు చేయాలి.

ఇదంతా విని కొందరు మరో కొసకు పోతారు. నిటారుగా నడిచి వెళ్తున్న మనిషిని చూసి, ఇతనికి ఏమైందని ఇక్కడ ఆపాడని నిలదీయబోతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆగకుండా రెండు వందల అడుగులు నడవలేనివారు, ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ మీద ఉన్నవారు, తీవ్రమైన గుండె జబ్బున్నవారు కూడా ఈ స్థలాలకు అర్హులే, వాటిలో సగం మన కంటికి కనబడే జబ్బులు కావు. పైగా వెళ్ళేటప్పుడు నడవగలిగినవారు తిరిగి వచ్చేసరికి నడవలేకపోవచ్చు. ప్లకార్డు ఉందా లేదా అన్నంత వరకే మనం చూడదగినది. లేకపోతే దుకాణం వారికో, పోలీసుల అత్యవసరం కాని నంబరుకో చెబితే చాలు.

మన సభలు, సమావేశాలు జరిగే రోజుల్లో పార్కింగ్ బాధ్యత తీసుకునే కుర్రాళ్ళకు నాదొక విన్నపం. స్థలం నిండిపోగానే సామాను దింపే బండ్లను చారల మీదికి పంపకండి, వచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే. పొద్దున్నే రెండు కోన్లు తెచ్చి ఆ దారికి అడ్డంగా పెట్టి, ప్లకార్డు ఉన్న బండి వచ్చినప్పుడు తీయడానికి ఒక మనిషిని అక్కడే నిలబెట్టండి. అలాగే సరుకులు కారులో పెట్టుకున్నాక ఖాళీ తోపుడు బండిని ఆ చారల మీదికి నెట్టేసి పోవడం నేను వారం వారం చూస్తూనే ఉన్నాను. ర్యాంపుకు కారు ఎంత అడ్డమో ఆ తోపుడు బండీ అంతే అడ్డం, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి దిగి దాన్ని తీయలేడు. మీరు పెట్టింది కాకపోయినా సరే, కనిపిస్తే పక్కకు లాగి వెళ్ళండి.