డాక్టర్ సలహా: భుజం నొప్పికి బ్యాగు మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 46, బరువు 74 కిలోలు. న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నేళ్లుగా వారాంతాల్లో స్నేహితులతో కలిసి జియోక్యాచింగ్ (ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట) కోసం అడవి బాటల్లో తిరుగుతున్నాను. జీపీఎస్ పరికరం, అదనపు బ్యాటరీలు, పవర్ బ్యాంక్, టార్చి, చేతి తొడుగులు, పట్టకారు, పెన్నులు, డబ్బాల్లో మార్చుకునే చిన్న బొమ్మలు, నీళ్లు, ఒక్కోసారి దాచడానికి తీసుకెళ్లే ఇనుప పెట్టె, అన్నీ ఎడమ భుజానికి వేసుకునే సైడ్ బ్యాగులోనే పెడతాను. తొమ్మిది కిలోల దాకా ఉంటుంది. ఎడమ భుజం లాగుతోంది. ఎక్కుడు దారిలో చేయి బరువెక్కి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. అమ్మ ఇండియా నుంచి తెచ్చిన ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర బయలుదేరే ముందు ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటే నొప్పి తెలియడం లేదు. అడిగిన స్నేహితులకూ ఇస్తుంటాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. నిరుడు వేసవిలో నడుము దగ్గర ఎర్రటి మచ్చ వచ్చి రెండు మూడు వారాల్లో దానంతటదే పోయింది. సామాన్లన్నీ పట్టి, భుజం నొప్పి రాకుండా ఉండాలంటే ఎలాంటి బ్యాగు కొనాలి? మందులకు అందులో విడిగా ఒక అర ఉండాలా?

జవాబు: బ్యాగు సంగతి తప్పకుండా చెబుతాను. అయితే మీరు మాటవరసకు రాసిన మూడు విషయాలు, అంటే ఎక్కుడు దారిలో బరువెక్కే ఎడమ చేయి, బీపీ మాత్రతో పాటు వేసుకుంటున్న నొప్పి మాత్ర, నడుము దగ్గర వచ్చిపోయిన మచ్చ, వైద్యుడిగా నన్ను ఎక్కువ ఆందోళనకు గురిచేస్తున్నాయి కాబట్టి వాటితోనే మొదలుపెడతాను. మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా, ఏ రిపోర్టూ చూడకుండా రాస్తున్న మాటలివి. మీ డాక్టరు మిమ్మల్ని చూసి చెప్పే మాటకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

నలభై దాటి, బీపీ ఉన్న మనిషికి ఎక్కుడు దారిలో ఎడమ చేయి బరువెక్కుతోందంటే, అది బ్యాగు వల్లనే అని తేల్చుకునే ముందు గుండె వల్ల కాదని తేల్చుకోవాలి. దక్షిణాసియా వారికి గుండె జబ్బులు కాస్త చిన్న వయసులోనే వస్తాయన్నది మీకు తెలిసే ఉంటుంది. బ్యాగు దించి కూర్చున్నప్పుడు తగ్గుతోందని మీరు అనవచ్చు. కానీ బ్యాగు దించినప్పుడు మీరు నడక కూడా ఆపుతారు, నడక ఆపితే గుండె మీద భారమూ తగ్గుతుంది, కాబట్టి దాన్ని బట్టి ఏదీ నిర్ధారించలేము. బ్యాగు లేకుండా మెట్లు ఎక్కినప్పుడు, త్వరగా నడిచినప్పుడు కూడా చేయి బరువెక్కుతోందా అన్నది గమనించి మీ డాక్టరుకు చెప్పండి. ఈసీజీ, అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష వారే చేయిస్తారు. ఛాతీలో బరువు, దవడకు పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, వీటిలో ఏది తోడైనా కారు నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లకండి, అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి.

గుండె బాగానే ఉందని తేలితే, అప్పుడు నరాల సంగతి చూడాలి. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుత్తి మెడ అడుగు భాగం నుంచి కాలర్ ఎముక కింద దూరి చంకలోకి వెళ్తుంది. బరువైన సంచి సన్నటి పట్టీ సరిగ్గా ఆ దారినే గంటల తరబడి నొక్కుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే ఒక నరం, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే మరొకటి ఇబ్బంది పడుతున్నట్టు అనుమానిస్తాం. మెడలో డిస్కు జారినా ఇలాగే ఉండవచ్చు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని రాశారు గానీ ఏ వేళ్లో రాయలేదు, గుర్తు చేసుకుని రాసి పెట్టుకోండి. బ్యాగు దించిన కాసేపటికి తిమ్మిరి పోతే కొంత నయమే. మరునాటికీ ఉన్నా, చేతిలోని గ్లాసు జారిపోతున్నా, చేయి భుజం పైకి లేవకపోయినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి, ఎందుకంటే నరం ఎంత ఎక్కువ కాలం నలిగితే కోలుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది, కొన్నిసార్లు పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా.

ఇక మాత్రల విషయం. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. ఎసిక్లోఫెనాక్ అన్నది నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ వర్గానికి చెందిన మందు. మీరు వాడే బీపీ మాత్రలో టెల్మిసార్టాన్ ఒకటి, మూత్రం ఎక్కువగా పోయించే హైడ్రోక్లోరోథయాజైడ్ ఒకటి ఉన్నాయి. ఈ మూడూ కలిసి కిడ్నీల మీద పడితే ప్రమాదమని వైద్య విద్యార్థులకు ప్రత్యేకంగా చెబుతాం. కిడ్నీలోని వడపోతకు రక్తం తగినంత ఒత్తిడితో చేరాలి. నొప్పి మాత్ర ఆ రక్తాన్ని తెచ్చే నాళాన్ని కుంచింపజేస్తుంది, టెల్మిసార్టాన్ రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వెడల్పు చేస్తుంది, హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని నీటినే తగ్గిస్తుంది. అసలే నీళ్లు తక్కువగా ఉన్న చెరువుకు పై తూము మూసి కింది తూము ఎత్తినట్టు అవుతుంది. దీనికి వేసవి ఎండలో కొన్ని గంటల నడక, చెమట, బరువు తగ్గుతుందని నీళ్ల సీసా ఇంట్లో వదిలేయడం తోడైతే కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే అవకాశం ఉంది. మొదట్లో నొప్పి గానీ, వాపు గానీ ఉండకపోవచ్చు. రక్తంలో పొటాషియం పెరగవచ్చు, అది గుండె లయను చెడగొడుతుంది. పైగా ఈ వర్గపు నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. గుండె జబ్బు ఇంకా కాదని తేలని చేతి నొప్పికి, గుండెపోటు ముప్పును పెంచగలదని తెలిసిన వర్గపు మందు వేసుకుంటున్నారన్న సంగతి కూడా ఆలోచించండి.

నన్ను ఇంకా బాధపెట్టేది, నొప్పి రాకముందే మాత్ర వేసుకుని బయలుదేరడం. నొప్పి వచ్చి ఉంటే మీరు ఆ బ్యాగును ఎప్పుడో మార్చేవారు, బరువు తగ్గించేవారు, డాక్టరు దగ్గరికి వెళ్లేవారు. నొప్పి తెలియకుండా చేసుకుని అదే తొమ్మిది కిలోలను అదే భుజం మీద మోయడం వల్ల నరం నలుగుతూనే ఉంది, మీకు తెలియడం మాత్రమే ఆగింది. ఈ మందు అమెరికాలో అమ్మకంలో లేదు కాబట్టి అక్కడి డాక్టరు మీ మందుల జాబితాలో దీన్ని ఊహించలేరు. మీరు చెప్పకపోతే వారికి తెలిసే దారి లేదు. సంక్రాంతికో వేసవికో అమెరికా వచ్చే తల్లిదండ్రులు పచ్చళ్లతో పాటు మాత్రల అట్టలూ సూట్‌కేసులో సర్దుకుని తేవడం నేను ఎరుగుదును. అది ప్రేమే, కాదనను. కానీ అమ్మగారికి ఆమె డాక్టరు, ఆమె కిడ్నీ పరీక్షలు చూసి రాసిన మందు మీ భుజానికి రాసినది కాదు. స్నేహితులకు పంచడం దయచేసి ఈ రోజే ఆపండి. వారిలో ఒకరికి అల్సర్ ఉండవచ్చు, మరొకరు రక్తం పలచబడే మందు వాడుతూ ఉండవచ్చు, ఇంకొకరికి ఈ వర్గపు మందులతో ఉబ్బసం రేగవచ్చు, అడవి మధ్యలో అది జరిగితే మీ చేతిలో ఏమీ ఉండదు.

ఎసిక్లోఫెనాక్ మానేసి దుకాణంలో దొరికే ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ కొనుక్కోవడం పరిష్కారం కాదు, అవీ అదే వర్గం. మీ డాక్టరు అభ్యంతరం చెప్పకపోతే అవసరమైన రోజు పారాసిటమాల్ ఒక్కటే వాడవచ్చు. అమెరికాలో దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అన్నదీ అదే. ఇప్పుడు మీరు వేసుకుంటున్న మాత్రలోనూ పారాసిటమాల్ ఉంది కాబట్టి రెండూ కలిపితే మోతాదు పెరిగి లివరుకు హాని జరగవచ్చు. బీపీ మాత్రను మాత్రం ఈ జవాబు చదివి మీ అంతట మీరు ఆపకండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, దాంతో పాటు పొటాషియం పరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి, వెళ్లేటప్పుడు మాత్రల అట్టలు చేత పట్టుకుని వెళ్లండి.

ఇప్పుడు బ్యాగు. ఈ ఆట తెలియని పాఠకుల కోసం ఒక మాట: 2000 సంవత్సరం మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో, చోటును కొంత తప్పుగా చూపేలా కావాలని పెట్టిన తేడాను తొలగించింది, అది జరిగిన వెంటనే మే 3న ఓరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్‌ను దాచి దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. ఆట అలా మొదలైంది. జీపీఎస్ మనిషిని కొన్ని మీటర్ల దగ్గరికే తీసుకెళ్తుంది, ఆపైన పొదల్లో, రాళ్ల సందుల్లో, చెట్టు తొర్రల్లో వంగి, మోకాళ్ల మీద కూర్చుని, చేతులు పెట్టి వెతకవలసిందే. అందువల్ల ఈ ఆటకు బ్యాగు ఎంచుకునేటప్పుడు నడకతో పాటు పదే పదే వంగడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మీ బరువుకు రోజు నడకలో మోసే మొత్తం ఏడు కిలోలు దాటకపోతే మంచిది, చేయి తిమ్మిరి తగ్గేదాకా నాలుగైదు కిలోలకే ఆగండి. సైడ్ బ్యాగు మానేసి, రెండు భుజాలకూ వేసుకునే పద్దెనిమిది, ఇరవై లీటర్ల బ్యాక్‌ప్యాక్ తీసుకోండి. ఇంతకంటే పెద్దది వద్దు, ఖాళీ ఉంటే ఏదో ఒకటి చేర్చి నింపుతాం. పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. ఛాతీ మీద కలిపే చిన్న పట్టీ భుజం పట్టీలను చంక వైపు జారనివ్వదు. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల అంచుల మీద కూర్చోవాలి, అప్పుడే భుజాల భారం కాళ్లకు దిగుతుంది. అయితే ముందువైపు గజ్జ దాకా బిగిస్తే తొడ బయటి భాగం మొద్దుబారుతుంది, ఆ దారిలోనూ ఒక నరం ఉంటుంది. బ్యాగు పొడవు మీ ఎత్తుకు కాకుండా వీపు పొడవుకు సరిపోవాలి కాబట్టి, దుకాణంలో నాలుగు కిలోల బరువు వేయించుకుని పావుగంట తిరిగి చూసి కొనండి. నీళ్లు, పవర్ బ్యాంక్ వంటి బరువైనవి వీపుకు ఆనుకుని, తేలికైనవి బయటి వైపు సర్దండి. పెన్ను, పట్టకారు, జీపీఎస్, ఫోను నడుముకు కట్టుకునే చిన్న పౌచ్‌లో ఉంటే ప్రతి డబ్బా దగ్గరా బ్యాగు విప్పి తిప్పుకునే పని ఉండదు. రెండు కిలోలకు పైగా తూగే ఇనుప పెట్టెను, దాచే రోజున తప్ప మోయకండి. బొమ్మలు నాలుగు చాలు. నీళ్లను మాత్రం తగ్గించకండి. వెతకడం మొదలుపెట్టగానే బ్యాగు కింద పెట్టి అప్పుడు వంగండి, బరువుతో వంగి పక్కకు తిరగడం నడుముకు మంచిది కాదు.

కింద పెడతారు కాబట్టే బ్యాగు ఉతకడానికి వీలైన బట్టతో ఉండాలని చెబుతున్నాను. మీ ప్రాంతంలో మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ అనే మొక్క విస్తారంగా ఉంటుంది. దాని జిడ్డు పట్టీలకూ తొడుగులకూ అంటితే చాలాకాలం పోదు, నెల తర్వాత ఆ పట్టీని తాకినా చర్మం బొబ్బలెక్కవచ్చు. సబ్బు నీళ్లతో, తొడుగులు వేసుకుని కడగండి. పశువులకు పట్టే పిడుదుల జాతికి చెందిన టిక్ పురుగులు కూడా బ్యాగు మీద ఎక్కి కారులోకి, ఇంట్లోకి వస్తాయి. బట్టల మీద, బ్యాగు మీద వాడే 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుమందు స్ప్రే అక్కడ దొరుకుతుంది. దాన్ని చర్మానికి రాయకూడదు, ఆరేదాకా పిల్లులను దగ్గరికి రానివ్వకూడదు. ఇంటికి రాగానే బట్టలను డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పండి, ఆపైన స్నానం చేస్తూ చంకలు, గజ్జలు, మోకాలి వెనుక, నడుము చూసుకోండి. పురుగు పట్టి ఉంటే, చిన్న డబ్బాల్లోంచి, పేరు రాసే కాగితం చుట్ట లాగడానికి మీరు వాడే సన్నని మొన పట్టకారుతోనే చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగండి. ముందు, తర్వాత స్పిరిట్‌తో తుడవండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వంటివి చేయకండి.

మీరడిగిన విడి అర ఉండాలి, చప్పున చేతికందే చోట ఉండాలి. అందులో గాయం మీద వేసే గాజ్ గుడ్డ, అంటుకునే పట్టీలు, క్రేప్ బ్యాండేజి, స్పిరిట్ దూది, ఓఆర్ఎస్ ప్యాకెట్టు, మీ బీపీ మందు పేరు, మోతాదు రాసిన కాగితం చాలు. నొప్పి మాత్రల అట్ట వద్దు.

చివరగా ఆ ఎర్రటి మచ్చ. 1970ల మధ్యలో కనెక్టికట్‌లోని లైమ్ ఊరి పరిసరాల్లో పిల్లలకు కీళ్ల వాపులు రావడంతో బయటపడిన, టిక్ పురుగుల ద్వారా సోకే లైమ్ వ్యాధి మీ రాష్ట్రంలోనూ చాలా ఉంది. టిక్ కుట్టిన మూడు రోజుల నుంచి ముప్పై రోజుల లోపల వచ్చి, వెడల్పవుతూ పోయే మచ్చ దాని మొదటి గుర్తు. పుస్తకాల్లోని బొమ్మలా వలయాలుగా ఉండాలని లేదు, మన చర్మం మీద అంత ఎర్రగా కనిపించాలనీ లేదు, చికిత్స చేయకపోయినా అది కొన్ని వారాల్లో దానంతటదే మాయమవుతుంది. మచ్చ పోవడం వ్యాధి పోయినట్టు కాదు. కొందరిలో నెలల తర్వాత మోకాలి వాపు, ముఖం ఒకవైపు జారడం, గుండె లయలో తేడా, మెడ నుంచి చేతికి పాకే నరాల నొప్పి రావచ్చు. మీ చేతి తిమ్మిరికి అదే కారణమని నేను అనడం లేదు, కానీ మీ డాక్టరు అది కాదని తేల్చాలి. ఈ వ్యాధికి వాడే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ కూడా సూట్‌కేసులో వచ్చి ఉంటే దాన్ని ముట్టకండి. ఎప్పుడు, ఎన్ని రోజులు వాడాలన్నది పరీక్షించినవారే చెప్పాలి. ఆ మచ్చ ఏ నెలలో వచ్చింది, ఎంత వెడల్పైంది, అప్పుడు జ్వరం గానీ ఒళ్లునొప్పులు గానీ ఉన్నాయా అన్నవి గుర్తున్నంత వరకు రాసుకుని, ఫోనులో ఫొటో ఉంటే దానితో సహా, కిడ్నీ పరీక్షలకు వెళ్లే రోజునే వారికి చూపించండి.