అనంతపురంలో పాత ఇంటి రిపేర్లు చివరికొచ్చాయి, గృహప్రవేశం లోపు ఏమేం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: అనంతపురంలో మీ నాన్నగారు కట్టించిన ఇల్లు బాగుచేయిస్తున్నారు, పని చివరికొచ్చింది, శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. మీరు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు వచ్చి చూసుకుంటున్నారు. మిగతా రోజులు నాన్నగారే దగ్గరుంటున్నారు. ఈ మిగిలిన వారాల్లో దేని మీద కన్నేసి ఉంచాలి?

మేం సాయినగర్‌లో మా అమ్మానాన్నల ఇంటిని ఇలాగే చేయించాం. అందుకే గట్టిగా చెబుతున్నాను, రంగుల చివరి కోటు పడకముందే ఇంట్లో నీళ్లూ కరెంటూ కాపురం ఉన్నట్టే వాడి చూడండి. రంగు అయిపోయాక చిన్న లీకేజీ బయటపడినా గోడ పగలాలి, మళ్లీ పూత, మళ్లీ లప్పం (రంగుకు ముందు పెట్టే పుట్టీ), మళ్లీ రంగు. అప్పటికి ప్లంబరు వేరే ఇంటి పనిలో ఉంటాడు, పెయింటరు ఇంకో ఊళ్లో ఉంటాడు. అందరూ ఒకే చోట దొరికేది ఇప్పుడే.

ముందు బాత్‌రూములు. కొత్త టైల్స్ మెరుస్తుంటే కళ్లు వాటి మీదికే పోతాయి, కానీ చూడాల్సింది వాలు. గుమ్మం దగ్గర ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి కాసేపు అక్కడే నిలబడండి. నీళ్లన్నీ జాలీ వైపు పారిపోవాలి. మా ఇంట్లో కమోడ్ వెనక మూలన అరచేయంత మడుగు నిలిచిపోయింది. బేల్దారి మేస్త్రీ "తుడుచుకుంటే సరిపోతుందిలే అన్నా" అన్నాడు. సరిపోదు. మన బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు తెలుసు, నీళ్లు నిలిచి ఆరిన చోటల్లా తెల్లటి చార కడుతుంది, అది గీకినా పోదు. ఆ మూల టైల్స్ లేపించి మళ్లీ వేయించాం, అప్పుడే జాలీ వైపుకు నీళ్లు పరిగెత్తాయి. టైల్స్‌ను రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోండి. కింద సిమెంటు నిండుగా పట్టిన టైల్ టక్కుమంటుంది, పట్టనిది డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్న చోట సుద్దముక్కతో గుండ్రంగా గీసి పెట్టండి. గోడల మీదైతే పెన్సిల్ వాడండి. పెన్నుతో, మార్కర్‌తో గీస్తే ఆ సిరా రంగు మీదికి ఊరుతుంది. వాట్సాప్‌లో ఫోటోలు పంపేకంటే ఈ గీతలే బాగా పనిచేస్తాయి. సోమవారం పొద్దున మేస్త్రీ వచ్చేసరికి పని ఎక్కడుందో ఎదురుగా కనబడుతుంది, మీ నాన్నగారు వివరించాల్సిన పని లేదు.

జాలీలో గుడ్డ కుక్కి, బాత్‌రూములో గడప దాటకుండా నీళ్లు నిలబెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున అవతలి గది గోడ కింది భాగాన్ని, మేడ మీది బాత్‌రూమైతే కింది సీలింగ్‌ను చేత్తో తాకి చూడండి. చెమ్మ కంటికి కనబడకముందే చేతికి తెలుస్తుంది. కుళాయిల మూతి దగ్గరుండే చిన్న జల్లెడలను విప్పించి, కొత్త పైపుల్లోని ఇసుక, రజను పోయేదాకా నీళ్లు వదలమనండి. మునిసిపాలిటీ నీళ్ల పైపు, బోరు పైపు వేరువేరుగా ఉంటే వంటింటి కుళాయికి ఏది వస్తోందో ఒకటి ఆపి, ఒకటి వదిలి ఖాయం చేసుకోండి. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, ఇది వదిలేసే విషయం కాదు.

తర్వాత మిద్దె. శ్రావణంలో చేరితే అసలు వానలు చూడకుండానే చేరినట్టు. మనకు పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడతాయి. అందుకని వాన కోసం ఎదురుచూడకుండా, నీళ్లు దిగే గొట్టాలు మూసి, స్లాబు మీద ఒక అంగుళం నీళ్లు ఒక రోజంతా నిలబెట్టండి. పిట్టగోడ, స్లాబు కలిసే అంచున, గొట్టాల చుట్టూ ముఖ్యంగా చూడాలి. ఇది కాంక్రీటు స్లాబుకే. మీది పాతకాలపు బండల మిద్దె అయితే నీళ్లు నిలబెట్టి దాని మీద బరువు పెట్టకండి, సందుల వెంట పైపుతో నీళ్లు పారించి చూస్తే చాలు. సంపు మూత నేల మట్టానికి కాస్త ఎత్తుగా ఉందా లేదా కూడా చూడండి. 2022 అక్టోబరులో ఊళ్లోంచి పారే నడిమి వంక పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చిన సంగతి మరిచిపోలేదు కదా.

మీ ఇంట్లో తాడిపత్రి బండలకే పాలిష్ పట్టిస్తున్నామని రాశారు. చాలా మంచి పని, ఎండాకాలం ఆ చల్లదనం టైల్స్‌కు రాదు. కానీ పాలిష్ మిషన్ నడిచినంతసేపూ బురద లాంటి నీళ్లు గోడల మీద అడుగెత్తు దాకా చిమ్ముతాయి, కాబట్టి పాలిష్ తర్వాతే రంగు చివరి కోటు. ఆ బురదను జాలీల్లోకి తోయనివ్వకండి, పైపు వంపుల్లో పేరుకుని గట్టిపడుతుంది. ముందే జాలీలన్నీ ప్లాస్టిక్ కవరు, గుడ్డ పెట్టి మూయించి, బురద బకెట్లతో ఎత్తించండి. ఇంకొకటి, సిమెంటు మరకలకు ఎవరో ఒకరు యాసిడ్ సీసా పట్టుకొస్తారు. తాడిపత్రివైనా, బేతంచెర్లవైనా, కడపవైనా ఇవన్నీ సున్నపురాయి బండలే, యాసిడ్ పడితే బుస్సుమని నురగ లేచి పాలిష్ చచ్చిపోతుంది. గృహప్రవేశం రోజు గడప దగ్గర తొక్కే నిమ్మకాయ రసం కూడా అంతే, కింద ఒక పళ్లెమో పీటో పెట్టండి. హోమగుండం నేరుగా బండ మీద వద్దు. ఇటుకలు పరిచి, మందంగా ఇసుక పోసి ఆ పైన పెట్టించండి, లేకపోతే వేడికి బండ పగలొచ్చు. ఈ మాట పురోహితుడికి ముందురోజే చెబితే ఆయన సంతోషంగా ఒప్పుకుంటారు.

కరెంటు విషయంలో ఏసీ, గీజరు, మోటారు, మిక్సీ అన్నీ ఒకేసారి వేసి అరగంట నడపండి. స్విచ్‌బోర్డులు వేడెక్కుతున్నాయా, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోందా తెలుస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసి షాక్ నుంచి కాపాడే స్విచ్, పెట్టించి ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కగానే కరెంటు పోవాలి. పెట్టించకపోతే ఇప్పుడైనా పెట్టించండి, ముసలివాళ్లు, పిల్లలు తడి చేతులతో తిరిగే ఇల్లు. ఎర్తింగ్ గుంత మీద మట్టి కప్పేయకుండా నీళ్లు పోసే దారి ఉంచాలి. మన ఎండిన నేలలో తడి లేకపోతే ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. కొత్తగా ఏసీలు పెడుతుంటే కరెంటాఫీసులో లోడ్ పెంచమని దరఖాస్తు కూడా ఇచ్చేయండి.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. పైపుల కోసం గోడ చెక్కి పూసిన చోట్లు బాగా ఆరాకే లప్పం పెట్టించండి, పచ్చి మీద పెడితే పొరలుగా ఊడుతుంది.

డబ్బు సంగతి. మొత్తం కాంట్రాక్టు మీద కాకుండా ఎవరి లెక్కలో వాళ్లది పదో వంతు ఆపండి, నీళ్లూ కరెంటూ చూసుకున్నాక ఇస్తామని ఇప్పుడే అందరి ముందూ చెప్పండి. ఆఖర్లో చెబితే గొడవవుతుంది, ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. మీ నాన్నగారు మెతక మనిషి అన్నారు, అందుకని డబ్బు మాటలు మీరే ఫోన్‌లో మాట్లాడండి. పెద్దాయనను రోజూ వాళ్లతో బేరాలాడే ఇబ్బందిలో పెట్టొద్దు, ఆయన అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటేనే సగం పని చక్కగా సాగుతుంది.

ముహూర్తం మార్చలేం కాబట్టి టెన్షన్ పడకండి. ఆ రోజుకు వంటిల్లు, దేవుడి గది, ఒక బాత్‌రూము సిద్ధమైతే చాలు. పాలు పొంగించి, వ్రతం చేసుకుని, ఆ రాత్రి అక్కడే నిద్ర చేయండి. సామాను మాత్రం పైవన్నీ తేలాకే దింపండి. అమ్మానాన్నలు ఇప్పుడుంటున్న అద్దె ఇల్లు ఇంకో నెల ఉంచుకోండి, ఓనరుకు ఖాళీ చేసే తేదీ అప్పుడే చెప్పొద్దు. మీది స్లాబా, బండల మిద్దా రాస్తే వాటర్ ప్రూఫింగ్ గురించి ఇంకొంచెం వివరంగా చెబుతాను.