చిన్న, మధ్యతరహా వ్యాపారాల్లో కంప్యూటర్ వ్యవస్థ ప్లానింగ్ ఫలించాలంటే ఏం కావాలి?

అన్నిటికన్నా ముందు యజమాని స్వయంగా కూర్చోవాలి. పెద్ద కంపెనీలో ఈ పనికి వేరే విభాగం ఉంటుంది. చిన్న సంస్థలో ఎక్కడ కొనాలి, ఎవరికి ఎన్ని రోజులు అరువివ్వాలి అన్నది ఆయన తలలోనే ఉంటుంది. "అకౌంటెంట్ చూసుకుంటాడులే" అని వదిలేస్తే ఆ ప్లాన్ బిల్లులు కొట్టడం దగ్గరే ఆగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ పేరుతో కాదు, ఇబ్బందితో మొదలుపెట్టండి. మందుల హోల్‌సేల్ షాపునే తీసుకోండి. అక్కడ పెద్ద టెన్షన్ గడువు దాటిపోయే స్టాక్. కాబట్టి సరుకు దిగిన రోజే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఎక్కించే ఏర్పాటు ముందు కావాలి. ఏ పెట్టె ఎక్కడ చిక్కుకుపోతుందో గోడౌన్‌లో పనిచేసే కుర్రాడికి బాగా తెలుసు. అతన్ని ఎవరూ అడగరు, నాకు బాధ కలిగించేది అదే. ప్లానింగ్‌లో అతన్నీ కూర్చోబెట్టండి.

పాత ఖాతాలు శుభ్రం చేయకుండా కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించకండి. ఒకే పార్టీ మూడు పేర్లతో ఉంటే బాకీ లెక్క ఎప్పటికీ తేలదు.

నిబంధనలు మారతాయని కూడా ముందే అనుకోవాలి. జీఎస్టీలో ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాల్సిన బిల్లు) 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లతో మొదలైంది. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లకూ వర్తించింది. అందుకే వ్యాపారం పెరిగినా సరిపోయే సాఫ్ట్‌వేర్‌నీ, ఫోన్ చేస్తే పలికే స్థానిక డీలర్‌నీ ఎంచుకోండి.

బడ్జెట్‌లో కొనుగోలు ధర ఒక్కటే రాయకండి. శిక్షణ, బ్యాకప్, ఏటా రెన్యువల్ కూడా రాయండి.