అమ్మ ముందు ఖరీదే ఎందుకు అడుగుతోంది?

ఉత్తరం: మేం చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. నేను ఇంటీరియర్ డిజైనర్‌ని, వయసు 36. అమ్మకు 64. టీచరుగా రిటైరైన నాన్న నాలుగేళ్ళ క్రితం పోయారు. అమ్మ తెనాలిలో అన్నయ్య దగ్గర ఉంటుంది. కిందటేడు ఒక శని, ఆదివారాలకు అమ్మను తీసుకొచ్చి చోళమండలం చిత్రకారుల గ్రామం, దక్షిణచిత్ర పాత ఇళ్ళ మ్యూజియం, మహాబలిపురం ఒక్క రోజులో చూపించాను. ఏది చూపించినా ‘ఇదెంత?’ అంటుంది. నాకెంతో నచ్చిన తంజావూరు పటం పద్దెనిమిది వేలంటే, ‘ఆ డబ్బుతో పాప టర్మ్ ఫీజు అయిపోతుంది’ అంది. మధ్యలో అన్నయ్య నాలుగుసార్లు ఫోన్ చేశాడు. సోమవారం అన్నయ్య పిల్లలకు స్కూలని ఆదివారం రాత్రికే రైలెక్కించాల్సి వచ్చింది. నాన్న పోయాక ఇల్లు తన పేరున రాయించుకున్నప్పటి నుంచి అన్నయ్యతో నాకు మాటల్లేవు. ఏదున్నా అమ్మ చేతే చెప్పిస్తాను. అమ్మ పెన్షన్ ఏటీఎం కార్డు కూడా వాడి దగ్గరే. జనవరిలో మళ్ళీ తీసుకొద్దామనుకుంటున్నాను. అమ్మకు కళ మీద కాస్త అభిరుచి కలిగేలా రెండు రోజులు ఎలా ప్లాన్ చేయాలి?

జవాబు: అభిరుచి కలిగించే పని మీరు పెట్టుకోకండి. ఏళ్ళ తరబడి వాకిట్లో చుక్క తప్పకుండా ముగ్గేసిన చేతికి మీరు కొత్తగా నేర్పేదేమీ లేదు. మీరడిగినదానికి జవాబు అంతే.

అసలు సంగతి మీరు ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు. అన్నయ్యతో మాటల్లేవు, కార్డు అన్నయ్య దగ్గర, సోమవారం పిల్లల స్కూలు. ఈ మూడూ కలిపి చదువుకోండి. తన ఇష్టానికి వంద నోటు తీయలేని మనిషికి బజారులో ప్రతి వస్తువూ ముందు లెక్కగానే కనబడుతుంది. తర్వాతే బొమ్మగానో పటంగానో కనబడుతుంది. ‘ఇదెంత?’ అన్నప్పుడు ఆవిడ మనసులో ఉన్నది ఆ పటం కాదు, తెనాలి వెళ్ళాక ‘చెల్లి ఎంత ఖర్చు పెట్టించింది?’ అన్న ప్రశ్నకు చెప్పాల్సిన జవాబు.

ఆ పైన టపా మోసే పని ఒకటి. మీ కోపాన్ని అటు చేరవేసేటప్పుడు మెత్తబరచాలి, ఆయన విసుగును ఇటు చెప్పేటప్పుడు మింగేయాలి. మీరిద్దరూ చదువుకుని, సంపాదిస్తూ, ఈ పని తల్లి నెత్తిన పెట్టారు. అన్నయ్య నాలుగుసార్లు ఫోన్ చేశాడని రాశారే, మీ నంబరుకు చేసే దారి మీరు ఉంచారా? నేను ఆయన పక్షం మాట్లాడటం లేదు. రోజూ ఆవిడకు అన్నం పెట్టేది ఆ ఇల్లే, రాత్రి ఆయాసమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ ఆయనే. దానికి విలువ కట్టకుండా, ఏడాదికి రెండు రోజులు తిప్పి తల్లిని నేనే అర్థం చేసుకున్నాననుకోవడం కూతుళ్ళకు తేలిక. అలాగని అన్నం పెట్టినందుకు కార్డు జేబులో వేసుకోవడమూ న్యాయం కాదు. ఆ పెన్షన్ మీ నాన్నగారి ఉద్యోగానికి మీ అమ్మగారికి దక్కిన సొమ్ము. అది ఎవరి దయా కాదు.

ఇల్లు సంగతి రెండు మాటల్లో చెప్పి వదిలేస్తాను. అది నాన్నగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే అమ్మగారికీ మీకూ అన్నయ్యకూ సమాన వాటాలు. మీరు సంతకం పెట్టారో లేదో రాయలేదు. పెట్టి ఉంటే అలక మానండి, పెట్టకపోతే లాయరును కలవండి. రెంటిలో ఏదైనా సరే, అమ్మ ప్రయాణంలోకి దాన్ని తేకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక ఫోను. అన్నయ్యకే చేయాలి, వదినకు కాదు. చెప్పాల్సినవి మూడే: ‘అమ్మను శుక్రవారం పొద్దున పినాకిని రైలు ఎక్కించు, సోమవారం మధ్యాహ్నం పినాకినికి ఇక్కడ నేను ఎక్కిస్తాను. ఆ నాలుగు రోజులూ పిల్లల్ని నువ్వూ వదినా చూసుకోవాలి. అమ్మ కార్డు అమ్మ పర్సులో పెట్టి పంపు.’ ‘పంపిస్తావా?’ అని అడగకండి. తల్లి కూతురింటికి రావడానికి అనుమతి పత్రం ఉండదు. ఆయన గొంతు పెంచితే మీరు పెంచకుండా అవే మూడు ముక్కలు మళ్ళీ చెప్పి పెట్టేయండి. పాత లెక్కలు విప్పారో, ఈ ఫోను కూడా అమ్మే మోయాల్సి వస్తుంది.

కార్డు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. బ్యాంకులో ఆవిడ ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఉందో చూడండి. అన్నయ్యది ఉంటే ఆవిడ ఏం చేసినా మెసేజ్ ఆయనకే పోతుంది. పది వేలు, ఆపైన తీస్తే కొన్ని బ్యాంకుల ఏటీఎంలు ఓటీపీ అడుగుతాయి, అదీ ఆయన ఫోనుకే. ఆవిడ ఫోన్లో యూపీఐ పెడదామన్నా ముందుకు సాగదు, బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ ఆ ఫోన్లోనే ఉండాలి కాబట్టి. అందుకని మీరు తెనాలి వెళ్ళినప్పుడు ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని ఆవిడతో బ్రాంచికి వెళ్ళి, నంబరు మార్చే ఫారం ఇప్పించండి. నంబరు మారాక పిన్ కొత్తది పెట్టించండి. ఆ నాలుగంకెలూ ఆవిడే నొక్కాలి, మీరు చూడకూడదు. ఇప్పటిదాకా అన్నయ్యకు తెలిసినట్టే రేపు మీకూ తెలిస్తే కార్డు చేతులు మారిందంతే. పాస్‌బుక్ కూడా ఆవిడ బీరువాలోనే ఉండాలి.

ఇక ప్రయాణం. సంక్రాంతి వారం వద్దు, రైళ్ళలో చోటు దొరకదు, చూడబోయిన చోటల్లా జనమే. కనుమ వెళ్ళాక వచ్చే వారం చూసుకోండి. పొద్దున తెనాలిలో ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతారు. శుక్రవారం ఎక్కడికీ తిప్పకండి. సాయంత్రం ఇంటి దగ్గరి ఏటీఎంకు తీసుకెళ్ళి, మీరు తలుపు బయట నిలబడండి. ఆవిడ రెండు వేలు తీసుకుని బయటికి రావాలి. తడబడి కార్డు బయటికొచ్చేస్తే మళ్ళీ పెట్టనివ్వండి. పిన్ మాత్రం వరసగా మూడుసార్లు తప్పితే ఆ రోజుకు కార్డు ఆగిపోతుంది, ఆ సంగతి ముందే చెప్పండి.

శనివారం ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం. (శుక్రవారం దానికి సెలవు, ఆ రోజు ఖాళీగా ఉంచమన్నది అందుకు కూడా.) తెనాలి మనిషిని మీరు చోళమండలానికి తీసుకెళ్ళారు గానీ, అమరావతి స్తూపం రాళ్ళు మీకు కొద్ది మైళ్ళ దూరంలో ఉన్నాయన్న సంగతి తోచలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి గానీ, వాటిలో చాలావరకు తర్వాత లండన్ బ్రిటిష్ మ్యూజియంకు వెళ్ళిపోయాయి. ఇక్కడున్నవి ఎక్కువగా ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవి. పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ తెలుపు. ఇక్కడున్నవాటిలో నాలాగిరి ఏనుగు చెక్కిన గుండ్రటి ఫలకం దగ్గర ఆగండి. ఒకే గుండ్రంలో రెండు ఘట్టాలున్నాయి. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని ఈడ్చి కొడుతుంటుంది, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. పైన కిటికీల్లోంచి జనం చూస్తుంటారు. మీరు శతాబ్దాలూ శైలులూ విప్పకుండా ‘ఇక్కడేం జరుగుతోందమ్మా?’ అని అడిగి ఊరుకోండి. వీధిలో గొడవైతే కిటికీలోంచి చూడటం ఎలాగో తెనాలివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవరణలో భవనాలు విడివిడిగా ఉంటాయి, మెట్లున్నాయి. మోకాళ్ళ నొప్పులుండే వయసుకు రెండు గ్యాలరీలు చాలు, అమరావతి రాళ్ళు, కంచు విగ్రహాలు. గంటన్నర. పదింటికల్లా లోపలుండి, పన్నెండున్నరకు భోజనానికి కూర్చోవాలి. షుగరుంటే పర్సులో రెండు అరటిపళ్ళు పెట్టండి. మధ్యాహ్నం నిద్ర.

ఆదివారం దక్షిణచిత్ర. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడు దగ్గర, ఊరికి 25 కిలోమీటర్లు. మంగళవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. పదెకరాలు, దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. అన్నీ చూపించాలన్న ఆశ వదులుకుని, కోస్తా ఇంటి దగ్గరికి నేరుగా నడవండి. విశాఖ ప్రాంతంలోని హరిపురం తరహా చుట్టిల్లు అది. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలకు వంగే తాటాకు కప్పు. తుపాను గాలికి పట్టు దొరక్కుండా పైనుంచి జారిపోవాలని అలా కడతారు. అక్కడ గైడు మీరు కాదు, అమ్మగారు. పొయ్యి ఏ పక్క, రోలు ఏ పక్క, పురిటిగది ఎక్కడ ఉండాలో ఆవిడ చెబుతుంటే డిజైనర్‌గా మీకు పనికొచ్చే నోట్సు అవుతుంది. రాసుకోండి. పక్కనే నల్లగొండ చేనేత ఇల్లుంది, అదీ చూడండి. ఓపిక మిగిలితే చెట్టినాడు ఇల్లు, లేకపోతే ఇంటికి.

తిరుగుదారిలో ఇంజంబాకంలో చోళమండలం వస్తుంది. అరగంట ఆగొచ్చు, కానీ ఈసారి బొమ్మలకంటే ముందు దాని పుట్టుక చెప్పండి. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్‌తో కలిసిన కళాకారులు బాతిక్ (మైనం అద్దకం) గుడ్డలూ చేతిపనులూ అమ్మిన డబ్బుతో ఆ నేల కొనుక్కున్నారు. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా. అక్కడ ఆవిడ ‘ఎంతకు కొన్నారు?’ అంటే విసుక్కోకండి, అది చాలా మంచి ప్రశ్న. మహాబలిపురం ఈ విడతకు మానేయండి. ఎండలో, ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు చోట్లకు ఆవిడను ఈడ్చడం కిందటిసారి చూశారు కదా.

కొనడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తంజావూరు పటం విషయంలో ఆవిడ ప్రశ్న దగ్గరే మీరూ కాసేపు ఆగి ఉండాల్సింది. బంగారు రేకు 22 క్యారెట్లదా, మామూలు రేకా అని అడిగారా? బిల్లు మీద రాయించారా? మామూలు రేకు కొత్తలో ఇంకా ఎక్కువ మెరుస్తుంది, కొన్నేళ్ళకు గోధుమరంగు తిరిగి నల్లబడుతుంది. అసలు రేకు మెరుపు పసుపుగా, నెమ్మదిగా ఉంటుంది. ఉబ్బెత్తు పని సుద్దపొడి, జిగురుతో చేస్తారు. చెమ్మ తగిలితే బీటలిస్తుంది, బూజు పడుతుంది. చెన్నై వానలకు తడిసే బయటి గోడకూ బాత్‌రూం గోడకూ తగిలించకూడదు. తడిగుడ్డ పెట్టకూడదు, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపడమే.

కలంకారీ అయితే అమ్మగారినే చూడమనండి. శ్రీకాళహస్తి పనిలో గుడ్డను కరక్కాయ, పాలలో నానబెడతారు, నల్లగీతకు తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన సిరా. కొత్త గుడ్డ దగ్గరగా పెట్టుకుంటే ఆ పాల వాసన తెలుస్తుంది. రెండు నెమళ్ళు పక్కపక్కన ఉంటే మెడ వంపులు పోల్చండి. చేత్తో గీసినవైతే ఏదో ఒక చోట తేడా పడతాయి. మచిలీపట్నం అచ్చు పని అయితే బొమ్మ ఒకటే గానీ అచ్చు కలిసిన చోట వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. ఎక్కడా ఏ తేడా లేకుండా, గజమంతా ఒకేలా ఉంటే అది స్క్రీన్ ప్రింటు, దానికి చేతిపని ధర ఇవ్వక్కర్లేదు. మొదటిసారి విడిగా చన్నీళ్ళలో జాడించి నీడన ఆరేయాలి. సర్ఫులో నానబెట్టారంటే మీ డబ్బు బకెట్లో పోసినట్టే.

ఆవిడ తన రెండు వేలతో ఏం కొన్నా నోరు మెదపకండి. మీ కంటికి నాసిగా కనబడే ప్లాస్టిక్ తోరణం కొన్నా, మనవరాలికి పెన్సిల్ డబ్బా కొన్నా, అసలేమీ కొనకుండా ఆ నోట్లు మడిచి తెనాలి తీసుకెళ్ళినా. ‘నేను కొనిస్తాను, నువ్వు దాచుకో’ అని మాత్రం అనకండి. ప్రేమతోనే అంటారు, తెలుసు. అన్నయ్య కార్డు తీసుకున్నప్పుడు కూడా ‘నీకెందుకమ్మా ఈ తిప్పలు’ అనే ఉంటాడు.

రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుస్తారు. ముందు అన్నయ్యకు ఫోను చేయండి, తర్వాత టికెట్ తీయండి. టికెట్ తీసేసి, ఆ సంగతి అమ్మ చేత చెప్పించకండి.