టెక్ సందేహాలు: చెరువుల వికీకి ఏ ఎక్స్‌టెన్షన్లు కావాలి?

ప్రశ్న: మా మండలంలో నలభైకి పైగా చెరువులున్నాయి. వాటి కట్టలు, తూములు, మత్తళ్ల వివరాలు, పెద్దవాళ్లు చెప్పే సంగతులు వాట్సాప్ గ్రూపులో పోగేస్తున్నాం. ఇప్పుడు పాతవి వెతికితే దొరకడం లేదు. అందరం కలిసి రాసుకునేలా మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) పెడదామనుకుంటున్నాం. దానికి అదనపు సౌకర్యాలు చేర్చే ఎక్స్‌టెన్షన్లు చూస్తే వందల్లో ఉన్నాయి. మాలో కంప్యూటర్ పని తెలిసింది ఒక్కరికే. ఏవి వేసుకోమంటారు?
– వరంగల్ జిల్లా నుంచి ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: చాలా మంచి పని తలపెట్టారు సార్. తెలుగు వికీపీడియా ఉండగా ఇదెందుకని మిమ్మల్ని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. 2003 డిసెంబరు నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో పెద్ద చెరువుల గురించి రాయొచ్చు. కానీ అచ్చయిన ఆధారం చూపలేని సంగతి అక్కడ నిలవదు. కట్ట తెగిన రాత్రి ఊరంతా ఎలా మట్టి మోసిందో ముసలి నీరటి చెబితే, దానికి ఏ పుస్తకం పేరు రాస్తారు? ఆ మాట పోకుండా ఉండాలంటే మీకు సొంత వికీయే కావాలి.

ఎక్స్‌టెన్షన్ వేయడం పది నిమిషాల పని. మీడియావికీ వెర్షన్ మారిన ప్రతిసారీ అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకుంటూ పోవడం మాత్రం ఏళ్ల తరబడి సాగే పని. మీ దగ్గర ఆ బరువు మోసేది ఒక్కరే. కాబట్టి ఏ ఎక్స్‌టెన్షన్ చూసినా ఒకటే అడగండి: రాసేవాళ్లకు దీనివల్ల పని తేలికవుతుందా? అవునంటేనే ఉంచండి.

ముందు వెర్షన్ సంగతి. 2024 డిసెంబరులో వచ్చిన 1.43 తీసుకోండి. అది దీర్ఘకాలం మద్దతు ఉండే వెర్షన్. 2027 డిసెంబరు దాకా భద్రతా సవరణలు వస్తాయి. ఎక్స్‌టెన్షన్లు దించుకునేటప్పుడు కూడా 1.43కి సరిపోయేవే ఎంచుకోవాలి. ఇక్కడ తేడా వస్తే వికీ తెల్ల పేజీ చూపించి ఆగిపోతుంది.

కోడ్ గుర్తులు లేకుండా మామూలుగా టైపు చేసుకునే విజువల్ ఎడిటర్ మీడియావికీతోనే వస్తుంది, ఆన్ చేసుకుంటే చాలు. దానికి వేరే సర్వర్ కావాలని పాత గైడ్లలో రాసి ఉంటుంది, పట్టించుకోకండి. 1.35 నుంచి ఆ అవసరం లేదు. మీవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే రాస్తారు కాబట్టి మొబైల్ ఫ్రంటెండ్ ఎక్స్‌టెన్షన్, దానికి తోడుగా మినర్వా స్కిన్ (పేజీల రూపు) తప్పనిసరి. ఇంట్లో కంప్యూటర్ ఉండి తెలుగు కీబోర్డు లేనివాళ్ల కోసం యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ వేయండి. రాసే పెట్టెలోనే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్నవాళ్లకు అదీ ఉంటుంది.

ఇక మీ వికీకి అసలు ప్రాణం పోసేవి రెండు: కార్గో, పేజ్ ఫారమ్స్. ఈ రెండింటి గురించి కాస్త వివరంగా చెబుతాను.

ప్రతి చెరువు పేజీలోనూ కొన్ని వివరాలు ఒకే తీరుగా ఉండాలి: ఏ ఊరు, ఆయకట్టు ఎన్ని ఎకరాలు, తూములెన్ని, అక్షాంశ రేఖాంశాలు, మత్తడి దుంకితే నీళ్లు ఏ చెరువులోకి పోతాయి. వీటిని వ్యాసంలో కలిపి రాస్తే మనిషి చదవగలడు గానీ కంప్యూటర్ లెక్కగట్టలేదు. అందుకని ‘చెరువు’ అనే మూస (టెంప్లేట్) ఒకటి తయారుచేసి, అందులోని గడులను కార్గోతో ఒక డేటాబేస్ టేబుల్‌కి కలపాలి. పేజ్ ఫారమ్స్ ఆ మూసను మామూలు దరఖాస్తు ఫారంలా చూపిస్తుంది. రాసేవాళ్లు బ్రాకెట్లు, గీతలు ముట్టుకోనక్కర్లేదు. గడి నింపి సేవ్ చేస్తే అయిపోయింది.

దీని బలం ఎక్కడ కనిపిస్తుందంటే, మీవి గొలుసుకట్టు చెరువులు. రాసేవాళ్లు నింపేది ‘కింది చెరువు’ గడి ఒక్కటే. ఏయే పేజీల్లో ఆ గడిలో ఈ చెరువు పేరు ఉందో వెతికే కార్గో క్వెరీని మూసలో ఒక్కసారి పెట్టారంటే, ప్రతి చెరువు పేజీలో ‘పై నుంచి నీళ్లొచ్చే చెరువులు’ అనే జాబితా దానంతటదే తయారవుతుంది. ఎవరో ఒకరు కొత్త చెరువు చేర్చాక, కింది చెరువు పేజీ తాజా అయినప్పుడు అందులో పేరు వచ్చేస్తుంది. అక్షాంశ రేఖాంశాలు నింపితే అదే టేబుల్ నుంచి అన్ని చెరువులనూ మ్యాపు మీద చూపించొచ్చు. మొత్తం గొలుసు కళ్ల ముందుకొస్తుంది. ఏ లింకు తెగిందో, ఏ వాగు పూడిందో అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ‘పెద్దచెరువు’, ‘పెద్ద చెరువు’ మనకు ఒకటే గానీ వికీకి రెండు వేర్వేరు పేజీలు. ‘కింది చెరువు’ గడిలో పేరు టైపు చేయనివ్వకుండా, ఉన్న పేజీల్లోంచి ఎంచుకునేలా ఫారంలో పెట్టండి. పైగా పెద్దచెరువు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది కాబట్టి పక్కన బ్రాకెట్లో ఊరి పేరు తప్పనిసరి అని మొదటి రోజే నియమం పెట్టుకోండి. వేరే తీరుగా రాసే పేర్లకు దారిమార్పు పేజీలు సృష్టించండి. గడులు ఏవేవి కావాలో కూడా ముందే అందరూ కూర్చుని తేల్చుకోండి. తర్వాత గడి చేర్చొచ్చు గానీ, చేర్చినప్పుడల్లా టేబుల్‌ని మళ్లీ తయారుచేయాలి.

సెమాంటిక్ మీడియావికీ అని ఇదే పని చేసేది ఇంకొకటి ఉంది. శక్తి ఎక్కువే, నేర్చుకోవాల్సిందీ ఎక్కువే. మీకు కార్గో చాలు. ఇప్పటికే వివరాలు ఎక్సెల్‌లో ఉంటే సీఎస్‌వీగా మార్చి డేటా ట్రాన్స్‌ఫర్ ఎక్స్‌టెన్షన్‌తో ఒకేసారి పేజీలన్నీ సృష్టించొచ్చు. పని కాగానే దాన్ని తీసేయండి.

ఎక్కడ పెట్టాలి? డబ్బు లేదంటే మిరాహీజ్ ఉంది. లాభాపేక్ష లేనిది, ప్రకటనలుండవు, అడిగితే ఉచితంగా వికీ ఇస్తారు. మీకు కావలసిన ఎక్స్‌టెన్షన్లు అక్కడి జాబితాలో ఉన్నాయేమో ముందు చూసుకోండి. చాలాకాలం ఎవరూ రాయకపోతే మూసేసే నియమం ఉందని కూడా గుర్తుంచుకోండి. సొంత హోస్టింగ్ తీసుకుంటే బ్యాకప్ మీ బాధ్యత. డేటాబేస్, బొమ్మల ఫోల్డర్, వికీ అమరికలుండే లోకల్ సెట్టింగ్స్ ఫైలు, ఈ మూడూ వారానికోసారి వేరే చోటికి కాపీ కావాలి. ఎక్స్‌టెన్షన్ల గురించి అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ బ్యాకప్ గురించి అడిగేవాళ్లు అరుదు. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

లైసెన్సు కూడా మొదట్లోనే తేల్చాలి. క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 పెట్టుకుంటే వికీపీడియాదీ అదే కాబట్టి రాతలు అటూ ఇటూ తీసుకోవచ్చు. వందమంది రాశాక మార్చాలంటే అందరినీ అడగాలి.

ప్రశ్న: మా కులవృత్తుల వికీ పెట్టిన కొన్నాళ్లకే జూదం, మందుల ప్రకటనల పేజీలు వందల్లో పుట్టుకొచ్చాయి. తుడిచేకొద్దీ వస్తున్నాయి.
– ఏలూరు పాఠకురాలు

జవాబు: వాటిని రాస్తున్నది బాట్లమ్మా (తమంతట తామే నడిచే ప్రోగ్రాములు), మనుషులు కారు. తుడవడం తర్వాత, ముందు తలుపు వేయండి. ఖాతా లేనివాళ్లు రాయకుండా లోకల్ సెట్టింగ్స్‌లో ఆపండి. రాసేది మీవాళ్లే అయితే ఎవరంతట వాళ్లు ఖాతా తెరిచే వీలు కూడా తీసేసి, నిర్వాహకులే తెరిచి ఇవ్వండి. అలా కుదరదంటే కన్‌ఫర్మ్ ఎడిట్ ఎక్స్‌టెన్షన్‌లోని క్వెస్టీ క్యాప్చా వాడండి, ప్రశ్నకు జవాబు చెబితేనే లోపలికి రానిస్తుంది. అందులో ప్రశ్న మీరే రాసుకోవచ్చు. రెండు రెళ్లు ఎంత లాంటివి బాట్లకు ఎప్పుడో వచ్చేశాయి. ‘మగ్గం మీద అడ్డంగా వేసే నూలును ఏమంటారు?’ అని తెలుగులో అడగండి. ‘పేక’ అని తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు జవాబులూ చేర్చండి. లేకపోతే మీ నేతన్నలే బయట ఉండిపోతారు.

అబ్యూజ్ ఫిల్టర్ ఎక్స్‌టెన్షన్‌తో తెలుగు వికీలకు మాత్రమే కుదిరే ఒక నియమం పెట్టొచ్చు: కొత్త వాడుకరి సృష్టించే పేజీలో తెలుగు అక్షరం ఒక్కటీ లేకపోతే సేవ్ కానివ్వకు. చెత్తలో అధిక భాగం ఇక్కడే ఆగుతుంది. ఇప్పటికే చేరినవాటిని న్యూక్ ఎక్స్‌టెన్షన్‌తో ఒక్కో ఖాతా పేరు మీద గంపగుత్తగా తొలగించండి. కన్‌ఫర్మ్ ఎడిట్, అబ్యూజ్ ఫిల్టర్, న్యూక్, ఈ మూడూ మీడియావికీతోనే వస్తాయి. తొలగించిన పేజీలు కూడా డేటాబేస్‌లో ఉండిపోతాయి కాబట్టి, స్థలం చాలకపోతే వాటిని పూర్తిగా తుడిచే మెయింటెనెన్స్ స్క్రిప్టు నడపాలి.

ప్రశ్న: ఫోన్‌తో తీసిన ఫొటోలు మా వికీలోకి ఎక్కడం లేదు. ఇంకేదైనా ఎక్స్‌టెన్షన్ వేయాలా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: అక్కర్లేదు. మొదట, ఫైళ్లు ఎక్కించే వీలు మీడియావికీలో మామూలుగా ఆపి ఉంటుంది, దాన్ని తెరవండి. తెరిచినా ఎక్కకపోతే అడ్డుపడుతున్నది పీహెచ్‌పీ, అంటే మీడియావికీని రాసిన ప్రోగ్రామింగ్ భాష. ఏమీ మార్చకపోతే 2 ఎంబీ మించిన ఫైలును అది రానివ్వదు. ఫోన్ ఫొటో సులభంగా 4, 5 ఎంబీ ఉంటుంది. ఆ పరిమితిని 20కి పెంచమని హోస్టింగ్ వాళ్లను అడగండి. మొత్తం పోస్టు పరిమితి కూడా మామూలుగా 8 ఎంబీయే, దాన్నీ పెంచాలి.

ఫొటో ఎక్కింది గానీ చిన్న బొమ్మ కనిపించడం లేదంటే కారణం వేరు. 1.25 కోట్ల పిక్సెళ్లు దాటిన బొమ్మను మీడియావికీ తగ్గించి చూపదు. 50 మెగాపిక్సెల్ మోడ్‌లో తీసినవన్నీ ఇక్కడ ఆగిపోతాయి. సర్వర్లో ఇమేజ్‌మ్యాజిక్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడుకుంటే జేపెగ్ ఫొటోలకు ఈ ఇబ్బంది ఉండదు. గుడులు, కోటలు, చెరువుల్లాంటి అందరికీ పనికొచ్చే ఫొటోలైతే వికీమీడియా కామన్స్ అనే ఉమ్మడి ఫొటోల భాండాగారంలోకి ఎక్కించండి. ఇన్‌స్టంట్ కామన్స్ అనే అమరికను ఆన్ చేస్తే అవి మీ వికీలోనూ కనిపిస్తాయి, రేపు మీ హోస్టింగ్ పోయినా భద్రంగా ఉంటాయి.

ప్రశ్న: మా వికీ పేజీ లింకును వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో చాంతాడంత వస్తోంది. చూసినవాళ్లు వైరస్ అనుకుంటున్నారు.
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: యూనికోడ్‌లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. లింకులో ఒక్కో బైటు మూడు అక్షరాలవుతుంది. ‘పెద్దచెరువు’ మన కంటికి ఐదు అక్షరాలే, యూనికోడ్‌లో 11, లింకులోకి వచ్చేసరికి 99. పేజీ పేరు 255 బైట్లకు మించకూడదు కాబట్టి మరీ పొడుగు పేర్లు పెట్టకండి.

పంపడానికైతే, ప్రతి పేజీకీ ఒక సంఖ్య ఉంటుంది. ‘పేజీ సమాచారం’ నొక్కితే కనిపిస్తుంది. మీ వికీ చిరునామా తర్వాత ఇండెక్స్ ఫైలు పేరు, దాని వెనక సీయూఆర్ఐడీ అనే పరామితికి ఆ సంఖ్య ఇచ్చి (index.php?curid=123 లాగా) లింకు తయారుచేయండి. పేజీ పేరు మార్చినా ఆ లింకు పనిచేస్తుంది. ఎక్స్‌టెన్షన్ ఏదీ అక్కర్లేదు.