ఆటలు మానేసింది, బడంటే కడుపునొప్పి అంటోంది

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఇక్కడే ప్రైవేట్ స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడో తరగతి దాకా ఖోఖో బాగా ఆడేది. ఇప్పుడు గేమ్స్ పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టారు. సాయంత్రం ట్యూషన్. పొద్దున బడి అనగానే తలనొప్పి, కడుపునొప్పి అంటోంది. మెట్లెక్కినా అలసిపోతోంది. మళ్లీ ఆడిస్తే హుషారుగా ఉంటుందా? మార్కులు తగ్గుతాయని వాళ్ల నాన్న టెన్షన్ పడుతున్నారు.
– ఒక తల్లి, నల్లగొండ

జవాబు: అమ్మా, ఆట కంటే ముందు రక్తపరీక్ష చేయిద్దాం. మెట్లెక్కితేనే అలసట అన్నారు కదా. నెలసరి మొదలైన ఆడపిల్లల్లో రక్తహీనత మన దగ్గర చాలా ఎక్కువ. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉన్న పిల్లను పరుగెత్తమంటే ఆయాసమే మిగులుతుంది. దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానాలో పరీక్ష చేయించండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా అని కూడా అడగండి. హిమోగ్లోబిన్ తక్కువ ఉందని తేలితే డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తారు. వాటిని టీతో మాత్రం వేయకండి, ఒంటికి పట్టవు. నిమ్మరసంతో అయితే మంచిది.

ఇంకో సంగతి గమనించండి. ఆ కడుపునొప్పి ఆదివారం కూడా వస్తోందా? సెలవు రోజు మాయమవుతుంటే బడిలో ఏదో ఇబ్బంది ఉండొచ్చు. ఎవరైనా వెక్కిరిస్తున్నారా, కొడుతున్నారా అని నిలదీసినట్టు కాకుండా, అన్నం తినేటప్పుడో జడ వేసేటప్పుడో మెల్లగా అడగండి.

ఇక ఆట మాట. ఒళ్లు కదిలించే పిల్లలు బడిలో ఎక్కువ సంతోషంగా ఉంటారని చాలా దేశాల్లో గమనించారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఉల్లాసంగా ఉన్న పిల్లలే గ్రౌండ్‌కి వస్తారు, దిగులుగా ఉన్నవాళ్లు మూలన కూర్చుంటారు. అందుకని ఆటతోనే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. కాకపోతే పిల్లలతో క్రమం తప్పకుండా వ్యాయామం చేయించి చూసిన అధ్యయనాల్లోనూ దిగులు, ఆందోళన కొంత తగ్గాయి. రాత్రి నిద్ర బాగా పడుతుంది, అది పెద్ద లాభం. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ట్యూషన్, హోంవర్క్, ఫోన్ పోగా మీ అమ్మాయికి ఎన్ని గంటలు మిగులుతున్నాయో ఒకసారి లెక్క చూడండి.

నా ఉద్దేశంలో మీ అమ్మాయి పోగొట్టుకున్నది పరుగు ఒక్కటే కాదు, జట్టు కూడా. ఖోఖోలో వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అని లేపే తోటి పిల్ల ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా చేసే వ్యాయామంలో అది దొరకదు.

11–17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో ఆ వయసు ఆడపిల్లల్లో 85 శాతం మంది అంత కదలడం లేదు. ఆ గంట ఒకేసారి కానక్కర్లేదు. ట్యూషన్‌కి బండి మీద దింపే బదులు సైకిల్ ఇవ్వండి. సాయంత్రం కాసేపు తాడాట. ఆదివారం పొద్దున్నే స్నేహితురాళ్లతో ఎన్జీ కాలేజ్ గ్రౌండ్‌కి పంపండి. మన ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం ఆటలు వద్దు. నొప్పి మరీ ఎక్కువ లేకపోతే నెలసరి రోజుల్లోనూ ఆడొచ్చు. ‘లావయ్యావు, పరుగెత్తు’ అని మాత్రం అనకండి. ఆ మాటతో ఆట శిక్ష అయిపోతుంది.

వాళ్ల నాన్నగారికి చెప్పండి: ఆటల సమయం పెంచిన బడుల్లో మార్కులు పడిపోయిన దాఖలాలు లేవు. పేరెంట్స్ మీటింగ్‌లో మీలాంటి నలుగురు కలిసి గేమ్స్ పీరియడ్ అడగండి. ఒక్కరే అడిగితే ‘చూద్దాం’ అని పంపించేస్తారు.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, తిండి, నిద్ర బాగా తగ్గినా పిల్లల డాక్టర్‌కో మానసిక వైద్యులకో చూపించండి. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వస్తే ఆ రోజే తీసుకెళ్లండి, పాపను ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు ఉండవు.