మనసు నిలవలేదని కూర్చోవడం మానకు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

రోజూ ధ్యానానికి కూర్చుంటున్నా మనసు నిలవడం లేదనీ, ఆసుపత్రి వార్డులో కోపం ఎప్పటిలాగే వస్తోందనీ మొన్న ఫోన్లో బాధపడ్డావు. నీ పక్కన ఎవరో పిలుస్తుంటే సరిగ్గా మాట్లాడలేకపోయాం. అందుకే రాస్తున్నాను.

మనసు నిలవాలని కూర్చుంటే, నిలిచిందా లేదా అని చూసుకోవడంతోనే ఆ 20 నిమిషాలూ అయిపోతాయి తల్లీ. జాజెన్‌లో, అంటే జెన్ బౌద్ధులు కూర్చుని చేసే ఈ ధ్యానంలో, అంత పెద్ద పని పెట్టుకోకు. ఊపిరి వదిలినప్పుడు ఒకటి, మళ్ళీ వదిలినప్పుడు రెండు, అలా పది దాకా లెక్కపెట్టు. మళ్ళీ ఒకటి. మధ్యలో రేపటి డ్యూటీయో, పిల్లాడి స్కూలు ఫీజో గుర్తొచ్చి లెక్క తప్పుతుంది. తప్పిందని తెలిసిన చోటే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టు. అలా తిరిగి రావడమే సాధన. ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు మూడు దాటని రోజులుంటాయి. వాటిని నేను చెడ్డ రోజులనుకోను.

నువ్వు చెప్పిన నడుము నొప్పికి కారణం నువ్వు చాప మీద నేరుగా కూర్చోవడమే. పిరుదుల కింద ఎత్తు ఉండాలి. జెన్ మఠాల్లో జాఫు అనే గుండ్రటి దిండు వాడతారు. నీకు పాత దుప్పటి గట్టిగా మడిచి వేసుకున్నా చాలు. మోకాళ్ళు రెండూ నేలకు ఆనాలి. పద్మాసనం కోసం పంతం పట్టకు, రోజంతా నిలబడే కాళ్ళు నీవి. కుర్చీలో కూర్చున్నా తప్పులేదు, వీపు మాత్రం ఆనించకు. కళ్ళు పూర్తిగా మూయకుండా రెండు మూరల దూరంలో నేల మీదికి చూపు వాల్చు. కుడి అరచేతి మీద ఎడమ అరచెయ్యి పెట్టి, బొటనవేళ్ళ కొసలు తాకీ తాకనట్టు ఉంచు. ఆ వేళ్ళు జారిపోతుంటే కునుకు పడుతోందన్నమాట. నైట్ డ్యూటీ చేసొచ్చిన రోజు కూర్చోవద్దు, పడుకో. ఎండాకాలం మాత్రం తెల్లవారకముందే కూర్చో, మన చిత్తూరు ఎండలు నీకు చెప్పాలా.

ఇప్పుడు అసలు సంగతి. జపాన్‌లో సోటో జెన్ అనే శాఖకు మూలపురుషుడైన డోగెన్, 1237లో మఠంలో వంట చేసేవాడి కోసం ప్రత్యేకంగా ఒక రచన చేశాడు. బియ్యంలో ఇసుక ఎలా ఏరాలో, వంట సరుకుల్ని కంటిని కాపాడుకున్నట్టు ఎలా చూసుకోవాలో అందులో చెప్పాడు. అంత గొప్ప గురువు వంటగదిని ధ్యానమందిరం కంటే తక్కువగా చూడలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. నువ్వు సెలైన్ పెట్టి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెడతావు కదా, అప్పుడు నీ మనసు ఎక్కడికైనా పోతుందా? ఆ శ్రద్ధ నీకు ముందే ఉంది. దాన్నే ఇంట్లో సంగటి కెలికేటప్పుడూ, గిన్నెలు తోమేటప్పుడూ పెట్టి చూడు. రోజులో ఒక్క పని ఎంచుకో చాలు, అన్నిట్లోనూ పెట్టాలనుకుంటే టెన్షనే మిగులుతుంది.

కోపం సంగతి. రోగి బంధువులు అరిస్తే కోపం వస్తుంది, రాకుండా పోదు. కూర్చునే అలవాటు ఉంటే, గుండె వేగం పెరగడం, దవడ బిగుసుకోవడం నోరు తెరవకముందే తెలుస్తాయి. అప్పుడొక ఊపిరి నెమ్మదిగా వదిలి మాట్లాడు. అంతమాత్రాన అన్యాయాన్ని భరించమని కాదు. వరసగా డబుల్ డ్యూటీలు వేస్తుంటే ఇన్‌ఛార్జితో గట్టిగా మాట్లాడు. ఓర్చుకునే శక్తి కోసం ధ్యానం చేయడం నాకు నచ్చదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోయినా డాక్టరుకు చూపించుకో. దిండు మీద కూర్చుంటే తగ్గేవి కావవి.

జపాను పూజలెందుకని మీ అత్తగారు అడిగారన్నావు. జెన్ పరంపరకు ఆద్యుడని చెప్పే బోధిధర్ముడు మన పక్కనున్న కంచి రాజకుమారుడని ఒక కథ ఉందని ఆమెకు చెప్పు. నేను దీపం పెట్టుకునే కూర్చుంటాను. వీలైనప్పుడు అలిపిరి మెట్లు ఎక్కుతాను. ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా, ఏ మెట్టునూ వదలని ఆ ఓపికకు చేతులు జోడిస్తాను.

కొన్నాళ్ళు ఇలా సాగాక గురువు అవసరం తెలుస్తుంది. కొడైకెనాల్ దగ్గర పెరుమాళ్ మలైలో బోధి జెండో అనే జెన్ ధ్యాన కేంద్రం ఉంది. ఫాదర్ అమా సామి అనే జెన్ గురువు స్థాపించిన చోటు, ఆయన జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఫాదర్. నీకు వరసగా సెలవులు దొరికినప్పుడు చెప్పు, ముందుగా రాసి అడుగుదాం. పిల్లాణ్ణి ఆ రోజులు మా ఇంట్లో వదులు, మీ అత్తయ్య చూసుకుంటానంటోంది.

మీ మామయ్య